రాయగడ నుంచి విశాఖకు: ముప్పై అయిదు సిట్టింగుల అనుభవం

ముక్కు వెనుక, గొంతు పైభాగంలో వచ్చిన క్యాన్సరుకు మా బావగారు విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రేడియేషన్ చేయించుకొని ఏడాదిన్నర అయింది. రాయగడ, గుణుపురం వైపు మనవారు ‘కరెంటు పెట్టించడం’ అనే ఈ చికిత్సకు చాలామంది విశాఖకే వెళ్తారు కనుక, అక్కడ చూసినది రాస్తున్నాను.

పుర్రె అడుగున, ముఖ్యమైన నరాల పక్కనే ఉండే ఈ చోట శస్త్రచికిత్స కష్టం; అదృష్టవశాత్తు ఈ జబ్బు రేడియేషనుకు బాగా లొంగుతుంది. బావగారికి అప్పటికే మెడలో గడ్డలు కట్టాయి. డాక్టరుగారు కాగితం తీసుకొని, 1998లో వెలువడిన అమెరికా అధ్యయనంలో రేడియేషన్ ఒక్కటే పొందినవారిలో మూడేళ్ళకు 47 శాతం, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా కలిపినవారిలో 78 శాతం జీవించి ఉన్నారనీ, అవి పాత యంత్రాల నాటి అంకెలనీ ఓపికగా వివరించారు. ‘దేవుడి దయ’ అని దాటవేయని వైద్యుడు దొరకడం చిన్న విషయమేమీ కాదు.

వారానికి అయిదు రోజుల చొప్పున ఏడు వారాలు, మొత్తం 70 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలమానం) మోతాదు. ముఖానికి బిగించే ప్లాస్టిక్ వల మాస్కుతో మొదటిరోజు ఊపిరాడక బావగారు లేచిపోబోతే, టెక్నీషియన్ ఒడియాలోనూ తెలుగులోనూ నచ్చజెప్పి పడుకోబెట్టాడు. లాలాజల గ్రంథులను వీలైనంత తప్పించే ఐఎంఆర్‌టీ పద్ధతి వల్ల రుచి చాలావరకు తిరిగి వచ్చింది గాని, ఉప్మా తినాలంటే ఇప్పటికీ పక్కన నీళ్ళ సీసా ఉండాలి. మూడు నెలలకు తీసిన పెట్ స్కానులో జబ్బు ఆనవాలు కనబడలేదు.

లోపాలూ ఉన్నాయి. నాలుగో వారంలో యంత్రం చెడి మూడు రోజులు చికిత్స ఆగింది. మధ్యలో విరామం పెరిగేకొద్దీ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం తగ్గుతుందని తెలిసీ, మేము గట్టిగా అడిగేదాకా శనివారం సిట్టింగు పెట్టి ఆ లోటు పూడ్చలేదు. పుచ్చుపళ్ళు తీయించే పని చికిత్సకు ముందే జరగాలి, తరువాత తీయిస్తే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదముంది. మాస్కు తయారైన తరువాత గాని మమ్మల్ని దంతవైద్యుడి దగ్గరకు పంపలేదు. ఆహార సలహా పత్రంలో ఓట్సు, డబ్బా పొడులు తప్ప మన తిండి లేదు. నోరంతా పుండ్లు పడిన రోజుల్లో ఆయన్ను నిలబెట్టినది పలుచటి చోడి అంబలీ, పెరుగన్నమూ.

మెడకు రేడియేషన్ పడితే థైరాయిడ్ మందగించవచ్చు కనుక ఆరు నెలలకో ఏడాదికో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోమని డిశ్చార్జి కాగితంలో రాయాలి. మాకు రాయలేదు. మొన్న ఆయన రోజంతా నిద్రమత్తుగా ఉంటున్నారని రాయగడలో మా ఇంటి డాక్టరు పరీక్ష చేయిస్తే థైరాయిడ్ మందగించిన సంగతి బయటపడింది.