35 డాలర్ల షంట్, 650 డాలర్ల షంట్

తలలో నీరు చేరింది, దాన్ని పొట్టలోకి దించే షంట్ వెయ్యాలి అని డాక్టరు చెప్పగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట, ‘ఏ కంపెనీది మంచిదండీ?’ ఆ వెంటనే, ‘మనదేశంలో చేసింది వేస్తే ఫర్వాలేదా?’ రెంటికీ జవాబు ఉగాండాలోని ఎంబాలే ఊళ్లో దొరికింది. అక్కడి క్యూర్ పిల్లల ఆసుపత్రిలో న్యూరోసర్జన్ బెంజమిన్ వార్ఫ్ బృందం 195 మంది పిల్లల మీద రెండు షంట్‌లను పోల్చి చూసి, 2005లో ఫలితాలు వెలువరించింది. ఒకటి ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే చాబ్రా షంట్, అప్పటి ధర 35 డాలర్లు. రెండోది అమెరికా కంపెనీ చేసే కాడ్‌మన్ హకీమ్ మైక్రో ప్రెసిషన్, 650 డాలర్లు. ఏడాది తిరిగేసరికి రెంటికీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలలేదు.

ఎందుకు తేలలేదో తెలియాలంటే షంట్ చేసే పని చూడాలి. పెద్దవాళ్ల మెదడులో రోజుకు అర లీటరు దాకా నీరు ఊరుతుంది. ఏ క్షణాన చూసినా లోపల ఉండేది మాత్రం సుమారు 150 మి.లీ. ఇంకిపోయే దారి మూసుకుంటే మిగిలిన నీరు జఠరికలను, అంటే మెదడులోని నీటి గదులను, ఉబ్బిస్తుంది. షంట్‌లో ఉండేవి మూడే: జఠరికలోకి దిగే చిల్లుల గొట్టం, చెవి వెనక చర్మం కింద కూర్చునే వాల్వ్, మెడ, ఛాతీ మీదుగా పొట్టలోకి దిగే పొడవాటి గొట్టం. ధరలో తేడా ఎక్కువగా వాల్వ్‌దే. మొరాయించేది మాత్రం ఎక్కువగా పై గొట్టం. జఠరికలో నీటిని ఊరించే కోరాయిడ్ కణజాలం దాని చిల్లుల్లోకి చొరబడి మూసేస్తుంది. 1998లో కెనడా న్యూరోసర్జన్ డ్రేక్ బృందం 344 మంది పిల్లల మీద మూడు రకాల వాల్వ్‌లు పరీక్షించినప్పుడూ ఇదే కథ. ఏ వాల్వ్ వేసినా ఏడాదికి మరమ్మతు అవసరం పడనివి 61 శాతమే.

చాబ్రా వాల్వ్‌లో ఉన్నది సిలికాన్ చీలిక, దాన్ని అదిమి ఉంచే స్ప్రింగు. లో, మీడియం, హై అని రకాలు. లోపల పెట్టాక ఒత్తిడి మార్చడం కుదరదు. అయస్కాంతం లేదు కాబట్టి ఎమ్మారై తీసినా సెట్టింగు మారిపోతుందన్న బెంగ లేదు. ఊరికి దూరంగా ఉండే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. దీని అసలు లోపం నిలబడ్డప్పుడు బయటపడుతుంది. పడుకున్నప్పుడు తలా పొట్టా ఒకే మట్టం. లేచి నిలబడితే పెద్దవాళ్లలో అరమీటరు పైచిలుకు నీటి స్తంభం కిందికి లాగుతుంది. దాన్ని ఆపే ఏర్పాటు మామూలు చీలిక వాల్వ్‌లో లేదు. నిలబడితే తలనొప్పి, పడుకుంటే తగ్గడం అంటే నీరు అతిగా పోతున్నట్టు అనుమానించాలి. ముదిరితే జఠరికలు సన్నని గీతల్లా కుంచించుకుపోతాయి, మెదడు పైపొర కింద రక్తం చేరుతుంది.

బయటినుంచే ఒత్తిడి మార్చగల ప్రోగ్రామబుల్ వాల్వ్‌లు వచ్చింది ఇందుకే. కాడ్‌మన్ హకీమ్‌లోనే ప్రోగ్రామబుల్ రకానికి 30 నుంచి 200 మి.మీ. నీటి ఒత్తిడి దాకా 18 మెట్లు, స్ట్రాటా అనే మోడల్‌లో 5, సెర్టాస్ ప్లస్‌లో 8. తల మీద అయస్కాంత పరికరం ఉంచి నిమిషాల్లో మార్చేస్తారు, కోత లేదు. అయితే పాత కాడ్‌మన్ హకీమ్, స్ట్రాటా ఎమ్మారై యంత్రంలో సెట్టింగు తప్పగలవు. స్కాన్ అయిన రోజే సరిచూసి, అవసరమైతే మళ్లీ పెట్టించుకునిగానీ ఇంటికి వెళ్లకూడదు. సెర్టాస్ ప్లస్, ప్రోగావ్ అనే మోడళ్లలో సెట్టింగు కదలకుండా తాళం ఉంది. ట్యాబ్లెట్ కంప్యూటర్ కవర్లు, హెడ్‌ఫోన్లలోని అయస్కాంతాలను మాత్రం ఏ మోడల్‌కైనా దూరంగానే ఉంచాలి.

వయసు మళ్లినవాళ్లలో, అంటే నడక తడబడి, మూత్రం ఆగక, మతిమరపు వచ్చే ఎన్‌పీహెచ్ (నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫాలస్)లో, ఈ మెట్లకు పెట్టిన డబ్బు దండగ కాదు. 99 మందితో జరిగి 2025లో వెలువడిన పెన్స్ పరీక్షలో అందరికీ సెర్టాస్ ప్లస్ వాల్వే వేశారు. సగం మందికి 110 మి.మీ. వద్ద తెరిచారు, మిగిలినవాళ్లకు దాదాపు మూసినట్టుండే 400 పైన ఉంచారు. మూడు నెలలకు నడక వేగం పెరిగింది తెరిచినవాళ్లలోనే. చంటిపిల్లల దగ్గర మా లెక్క వేరు. చేతిలో అదనపు డబ్బుంటే మెట్ల మీద కన్నా యాంటీబయాటిక్ పూసిన గొట్టాల మీద పెట్టడం మేలు. 2019 నాటి బేసిక్స్ పరీక్షలో మామూలు గొట్టాలకూ వెండి ఇంకించిన గొట్టాలకూ 6 శాతం చొప్పున చీము పడితే, రిఫాంపిసిన్, క్లిండమైసిన్ ఇంకించిన గొట్టాలకు 2 శాతమే.

ఇక ఏ బ్రోచరూ చెప్పని విషయం పీయూష గ్రంథి (పిట్యూటరీ). మూడో జఠరిక నేల కిందే దాని కాడ ఉంటుంది. ఆ గ్రంథి దగ్గర పుట్టే క్రేనియోఫారింజియోమా లాంటి గడ్డ వల్ల నీరు చేరితే షంట్ నీటిని దించుతుందే గానీ హార్మోన్లను తెచ్చివ్వదు. ఆ పిల్లవాడికి తలనొప్పి, వాంతులు, మగత వస్తే అందరి చూపూ వాల్వ్ మీదికే పోతుంది. రక్తంలో సోడియం పడిపోయినా, ఒంట్లో ఊరే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ లేకపోయినా సరిగ్గా ఇవే లక్షణాలు. సీటీకి పంపుతూనే సోడియం, గ్లూకోజ్, కార్టిసాల్‌కు రక్తం తీయించాలి. గ్రంథి దెబ్బతిన్నదని ముందే తెలిస్తే రిపోర్టు కోసం ఆగకుండా దాని బదులు స్టెరాయిడ్ మందు హైడ్రోకార్టిసోన్ ఇవ్వాలి. గ్రంథి దెబ్బతిని వచ్చే అతిమూత్రానికి డెస్మోప్రెసిన్ వాడేవాళ్లు దాహం లేకుండా నీళ్లు తాగినా సోడియం పడిపోతుంది.

ఇంకో మెలిక ఉంది. కార్టిసాల్ లేనప్పుడు కిడ్నీ నీటిని సరిగా వదలదు, కాబట్టి అతిమూత్రం కప్పబడిపోతుంది. స్టెరాయిడ్ మొదలుపెట్టిన రోజు నుంచి బిందెలకొద్దీ పోవడం మొదలైతే స్టెరాయిడ్ పడలేదని మానెయ్యకూడదు, దాగిన జబ్బు బయటపడిందని అర్థం. థైరాయిడ్ మాత్ర కూడా స్టెరాయిడ్ తర్వాతే, ముందు వేస్తే ఉన్న కాస్త కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

గడ్డ లేని పిల్లల్లోనూ ఆరు నెలలకోసారి ఎత్తు కొలవాలి. ఆడపిల్లకు 8 ఏళ్లలోపు, మగపిల్లవాడికి 9 ఏళ్లలోపు యవ్వన లక్షణాలు కనబడితే ఎండోక్రైన్ డాక్టరుకు చూపాలి. తలలో నీరున్న పిల్లల్లో ఇది మామూలు కన్నా ఎక్కువ.

వాల్వ్ గదిని ఇంట్లో నొక్కి చూడొద్దు. మూసుకుందో లేదో దాంతో నమ్మకంగా తెలియదు. డిశ్చార్జి రోజు షంట్ పెట్టె మీది స్టిక్కర్, సెట్టింగు సంఖ్య, ఆపరేషన్ తేదీ, వాడే హార్మోన్ మోతాదులు ఒకే కార్డు మీద రాయించుకోండి. అర్ధరాత్రి వేరే ఊరి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు మొదట అడిగేది ఆ కార్డే.