ఫుల్ ఫ్రేమ్‌కి సెకండ్‌హ్యాండ్ వైడ్ లెన్స్ కొంటున్నారా? డబ్బు ఇచ్చేముందు ఇది చదవండి

ఫుల్ ఫ్రేమ్ బాడీకి, అంటే పెద్ద సెన్సార్ ఉన్న కెమెరాకి, వైడ్ యాంగిల్ లెన్స్ వెతుక్కుంటున్నవాళ్లకి, ముఖ్యంగా పెళ్లిళ్లు షూట్ చేసే తమ్ముళ్లకి చెబుతున్నాను. "మౌంట్ పట్టింది, ఫోటో వచ్చింది, ఇంకేం కావాలి సార్" అని అమ్మేవాడు అంటే అక్కడే ఆగండి. కెమెరాకి బిగుసుకున్నంత మాత్రాన అది ఫుల్ ఫ్రేమ్ లెన్స్ అయిపోదు.

హైదరాబాద్‌లో ఒక దుకాణం వాళ్లు "సోనీ ఫుల్ ఫ్రేమ్ వైడ్" అని వాట్సాప్‌లో పెట్టి నాకు అమ్మింది సోనీ 10-18 ఎఫ్4. లెన్స్ శుభ్రంగానే ఉంది. గీతల్లేవు, ఫంగస్ (గాజు మీద పట్టే బూజు) లేదు. కానీ అది ఏపీఎస్-సీ సెన్సార్ కోసం, అంటే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్ కోసం 2012లో తెచ్చిన లెన్స్. నా బాడీ సోనీ ఏ7 త్రీ, ఫుల్ ఫ్రేమ్‌ది. ఇది తగిలించగానే కెమెరా తనంతట తానే క్రాప్ మోడ్‌లోకి వెళ్లిపోతుంది. సెన్సార్ నడిమి భాగం మాత్రమే వాడుకుని 24 మెగాపిక్సెళ్ల బదులు 10 మాత్రమే ఇస్తుంది. వ్యూఫైండర్ నిండా బొమ్మ ఉంటుంది, మూలల్లో నలుపు కనపడదు. పైగా 10 ఎంఎం క్రాప్‌లో 15 లాగా పడుతుంది కాబట్టి కల్యాణ మండపం స్టేజీ మొత్తం ఫ్రేములో పట్టేస్తుంది. ఇంక అనుమానం ఎక్కడినుంచి వస్తుంది? వాళ్ల మోసం నడిచేది దీని మీదే.

బయటపడింది ఆల్బమ్ దగ్గర. 12×36 షీటు నిండా గ్రూపు ఫోటో పరుద్దామని కూర్చున్న డిజైనర్ ఫోన్ చేశాడు. "అన్నా, మిగతావన్నీ 6000 పిక్సెళ్ల వెడల్పు ఉన్నాయి, ఈ వైడ్‌లు మాత్రం 3936 ఏంటి?" అన్నాడు. 36 అంగుళాలకి అవి పరిస్తే అంగుళానికి 110 పిక్సెళ్లు కూడా రావు. వెనక వరసలో నిలబడ్డ పెద్దవాళ్ల మొహాల్లో కళ్లు, కళ్లజోళ్లు కలిసిపోయి అలుక్కుపోయినట్టు వచ్చాయి. ఆ కుటుంబాన్ని అదే పందిట్లో మళ్లీ నిలబెట్టలేం కదా, బాధంతా అదే.

మెనూలో ఏపీఎస్-సీ సెట్టింగ్ ఆఫ్ చేసి 10 ఎంఎం దగ్గర ఒక ఫోటో తీస్తే నాలుగు మూలలూ నల్లగా వచ్చాయి. దుకాణానికి తీసుకెళ్తే మొదట "ఫిల్టర్ వల్ల సార్" అన్నారు. మందపాటి ఫిల్టర్ పెడితే వైడ్‌లో మూలలు నల్లబడే మాట నిజమే. అందుకే వాళ్ల ముందే ఫిల్టర్ విప్పి తీసి చూపించాను. నలుపు అక్కడే ఉంది. అప్పుడు మాట మార్చి "12 నుంచి 16 మధ్య వాడుకోండి, కవర్ అవుతుంది" అన్నారు. ఆ మధ్యలో నలుపు చాలావరకు పోతుంది, కాదనను. కానీ 10-18కి డబ్బు తీసుకుని 12-16తో సరిపెట్టుకోమనడం ఏం న్యాయం? బిల్లు తీస్తే అందులో "సోనీ లెన్స్ 10-18" అని ఉంది తప్ప ఫుల్ ఫ్రేమ్ అన్న మాటే లేదు. వాపసు ఇవ్వం, కావాలంటే తక్కువకి మేమే కొంటాం అన్నారు. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను.

అమ్మేవాడి మాట పక్కనబెట్టి లెన్స్ మీద ఏం రాసుందో చదవండి. సోనీలో ఎఫ్ఈ అని ఉంటేనే ఫుల్ ఫ్రేమ్. ఉత్త ఈ అని ఉంటే కాదు. సిగ్మాలో డీజీ కావాలి, డీసీ వద్దు. టామ్రాన్‌తో ఇంకా జాగ్రత్త. డీఐ ఫుల్ ఫ్రేమ్‌వి, డీఐ త్రీ కూడా చాలావరకు అవే. డీఐ టూ, డీఐ త్రీ-ఏ మాత్రం ఏపీఎస్-సీవి. నికాన్‌లో డీఎక్స్ అని ఉంటే వదిలేయండి. కెనాన్‌లో ఏపీఎస్-సీవైన ఈఎఫ్-ఎస్ లెన్స్‌లు 5డీ, 6డీ లాంటి ఫుల్ ఫ్రేమ్ బాడీలకి అసలు ఎక్కదు గనక పాత బాడీలవాళ్లకి ఆ భయం లేదు. ఆర్6 లాంటి మిర్రర్‌లెస్‌కి అడాప్టర్‌తో ఎక్కుతుంది, ఎక్కి 20 మెగాపిక్సెళ్లని 8 లోపుకి దింపుతుంది. మార్కెట్లో బాగా తిరిగే టోకీనా 11-16 ఎఫ్2.8 కూడా ఏపీఎస్-సీదే. కెనాన్ ఫుల్ ఫ్రేమ్‌కి చక్కగా బిగుస్తుంది, 16 దగ్గరికి వస్తే తప్ప మూలల నలుపు వదలదు.

మీ బాడీ వెంట తీసుకెళ్లండి. దుకాణంలోనే ఫోటో తీసి, ప్లేబ్యాక్‌లో పిక్సెళ్ల సైజు చూడండి. అది సరిపోతే బయటికొచ్చి ఎదురుగా ఉన్న ఇటుక గోడనో షట్టర్‌నో నిటారుగా, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం) పూర్తిగా తెరిచి తీసి నాలుగు మూలలూ జూమ్ చేయండి. ఒక పక్క పదునుగా, రెండో పక్క మసకగా ఉంటే లోపల గ్లాసు పక్కకి జరిగి ఉండొచ్చు. కింద పడ్డ లెన్స్‌లలో ఇది ఎక్కువ. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు తేమ ఉండే వైపు నుంచి వచ్చిన లెన్స్ అయితే మొబైల్ టార్చ్ వేసి ఫంగస్ కూడా చూసుకోండి.

బడ్జెట్ తక్కువైతే సోనీకి టామ్రాన్ 17-28 ఎఫ్2.8 గానీ, సోనీవాళ్లదే పాత ఎఫ్ఈ 16-35 ఎఫ్4 గానీ సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. రెండూ నిజంగా ఫుల్ ఫ్రేమ్‌వే. ఏది తీసుకున్నా బిల్లు మీద లెన్స్ పూర్తి పేరు, సీరియల్ నంబరు, "ఫుల్ ఫ్రేమ్" అన్న మాట రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి. రాయనంటే ఆ దుకాణం వద్దు.