కీళ్లవాతానికి ఆన్‌లైన్ ఫాలోఅప్ ప్యాకేజీ కొంటున్నారా? విశాఖవాళ్లు ముందు ఇది చదవండి

కీళ్లవాతానికి (రుమటాయిడ్ ఆర్థరైటిస్) మందులు వాడేవాళ్లకు, అందులోనూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ప్రతిసారీ విశాఖ రావాల్సినవాళ్లకు, ఫోన్లో ఫాలోఅప్ అంటే పెద్ద ఊరట. వాచిన మోకాళ్లతో బస్సెక్కే పని ఉండదు. ఆ అవసరం చూసే ఆరు నెలలకో ఏడాదికో డబ్బు ముందే కట్టించుకునే ప్యాకేజీలు అమ్ముతున్నారు. అలాంటి ఒక సర్వీసు ఇచ్చిన మందుల చీటీలు, రిపోర్టులు చూశాక ఈ హెచ్చరిక రాస్తున్నాం. పేరు చెప్పడం లేదు. ఇదే తీరు ఎక్కడ కనబడినా డబ్బు కట్టకండి.

అన్నిటికన్నా భయపడాల్సింది మెథోట్రెక్సేట్ రాసిన పద్ధతి. కీళ్లవాతానికి ఈ మందు వారానికి ఒక్క రోజే. ఆ చీటీలో మాత్రం మిగతా మందుల వరసలోనే “15 మి.గ్రా., 1-0-0, 30 రోజులు” అని, అంటే రోజూ పొద్దున ఒకటి అని ఉంది. అలాగే రోజూ వేసుకుంటే నోరంతా పుళ్లు పడతాయి, ఎముక మూలుగ దెబ్బతిని తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఈ ఒక్క పొరపాటుతో ప్రాణాలు పోయినవాళ్లున్నారు. చీటీలో “ప్రతి ఆదివారం మాత్రమే” అని వారం పేరుతో రాసి ఉండాలి. మెథోట్రెక్సేట్ దుష్ప్రభావాలు తగ్గడానికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. ఏ రోజు వేసుకోవాలో విడిగా ఉండాలి. మామూలుగా మెథోట్రెక్సేట్ రోజు వదిలేసి వేరే రోజు ఇస్తారు. రెండూ చిన్న పసుపు మాత్రలుగా దొరుకుతాయి కాబట్టి ఒకే డబ్బాలో పోయకండి. 15 మి.గ్రా. మాత్రయితే నెలకి కావాల్సినవి నాలుగో ఐదో. షాపులో ముప్పై చేతిలో పెడితే అక్కడే ఆగి, డాక్టరుకి ఫోన్ చేయించండి.

రక్తపరీక్షల్లోనూ మోసమే. మూడు నెలలకోసారి చేసే ప్యానెల్లో జబ్బు నిర్ధారణకి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు పెట్టి బిల్లు పెంచారు. జబ్బు నిర్ధారణ అయ్యాక వాటిని పదేపదే చేయించి లాభం లేదు, వాటిని చూసి మందు మార్చరు. నిజంగా కావాల్సినవి సీబీపీ (రక్తకణాల లెక్క), ఎస్‌జీపీటీ (కాలేయానికి), క్రియాటినిన్ (కిడ్నీలకి). మెథోట్రెక్సేట్ మొదలుపెట్టిన తొలి 3 నెలలు ఇవి 2 నుంచి 4 వారాలకోసారి, 6 నెలలు నిండేదాకా 8 నుంచి 12 వారాలకోసారి, ఆ తర్వాత 12 వారాలకోసారి చేయించాలి. డోసు పెంచితే మళ్లీ దగ్గర దగ్గరగా చూడాలి. మరి రిపోర్టు ఎవరు చదువుతున్నారు? ఇక్కడ అది యాప్‌లో పడి తర్వాతి కాల్ దాకా అలాగే ఉండిపోయింది. ఎస్‌జీపీటీ మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు దాటితే ఎవరు, ఎన్ని గంటల్లో ఫోన్ చేస్తారో కొనే ముందే అడగండి. సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి.

వీడియోలో కీలు తెలియదు. జబ్బు చురుగ్గా ఉన్న కీలు నొక్కితే మెత్తగా తగులుతుంది, అది చేతికే అందుతుంది. జబ్బు ఎంత చురుగ్గా ఉందో చెప్పే డాస్ 28 అనే స్కోరుకి 28 కీళ్లలో నొప్పివి, వాచినవి విడివిడిగా లెక్కపెట్టి, ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ (ఒంట్లో వాపు తెలిపే రక్తపరీక్షలు), రోగి చెప్పిన అంచనా కలపాలి. ఎవరూ కీలు ముట్టకుండా, యాప్‌లో నాలుగు ప్రశ్నలడిగి “మీ డాస్ 2.4, జబ్బు అణిగింది” అంటే నమ్మకండి. పాదాల కీళ్లు ఆ 28లో లేనే లేవు, అరికాలు ముందు భాగంలో నొప్పి ఉంటే మీరే గుర్తుచేయాలి. నెలల తరబడి డోసు మారకుండా, కీళ్లు కుదురుగా ఉన్నవాళ్లకు ఒకసారి ఫోన్లో, ఒకసారి ఎదురుగా చూపించుకోవడం సరిపోతుందని మా అభిప్రాయం. కొత్త వాపు వస్తే మాత్రం ఎదురుగానే.

ఇక ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ సంగతి. కాల్ కాల్‌కీ దాన్నే పొడిగించారు, తగ్గించే లెక్క ఎక్కడా లేదు. ప్యాకేజీ గడువు తీరగానే చీటీ కూడా ఆగిపోయింది. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపితే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం జరగొచ్చు. అందుకని మొదటి చీటీలోనే తగ్గించే షెడ్యూలు అడగండి. యాప్‌లో వేరే డాక్టరు రాసిన మందులు నమోదు చేసే చోటు కూడా లేదు. మూత్రంలో మంటకని ఎవరైనా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే మెథోట్రెక్సేట్‌తో కలిసి రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఎండాకాలంలో విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినా మెథోట్రెక్సేట్ ఒంట్లోనే నిలిచిపోతుంది, ఆ వారం డోసు వేసుకునే ముందు డాక్టరుని అడగాలి.

2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ఫీజుకి రసీదివ్వాలి, యంత్రం తనంతట తాను మందు రాయకూడదు. ఆ నంబరుని మెడికల్ కౌన్సిల్ జాబితాలో వెతకండి. రుమటాలజీలో (కీళ్లవాతాల వైద్యం) డీఎం గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ) గానీ, అంటే స్పెషలిస్టు డిగ్రీ ఉందో లేదో అడగండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు చీటీలు, చాట్లు, రసీదులు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర్లేదు. నోట్లో పుళ్లు, జ్వరం, పొడిదగ్గుతో ఆయాసం వీటిలో ఏది వచ్చినా తర్వాతి కాల్ దాకా ఆగకండి. మాత్రల షీట్లు పట్టుకుని విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకో దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్లి, మెథోట్రెక్సేట్ వాడుతున్నామని ముందే చెప్పండి.