పొగ తక్కువగా ఉండే సింగిల్ మాల్ట్‌లు: మూడు సీసాలతో నాలుగేళ్లు

పీటెడ్ విస్కీ (పీట్ అనే బొగ్గులాంటి నేలమట్టిని కాల్చిన పొగలో బార్లీని ఆరబెట్టి చేసేది) అనగానే అందరూ లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ పేర్లే చెబుతారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను కానీ ఆ ఆసుపత్రి వాసన నాకు పడలేదు. బెంగళూరు వచ్చిన కొత్తలో ఒక స్నేహితుడు అక్కడే తయారయ్యే అమృత్ ఫ్యూజన్ పోశాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే మా అమ్మమ్మ ఇంటి దాలి గుర్తొచ్చింది. పిడకల సెగ మీద పొద్దస్తమానం కాగిన పాలకు పట్టే పొగ వాసన, పైన ఎర్రటి మీగడ. నాకు కావాల్సింది ఆ మాత్రం పొగే.

ఫ్యూజన్‌లో నాలుగో వంతు స్కాట్లాండ్ పీటెడ్ బార్లీ, మిగతాది మన దేశపు బార్లీ. 50 శాతం ఆల్కహాల్ కాబట్టి నీట్‌గా తాగితే నషాళానికెక్కుతుంది. చెంచాడు నీళ్లు కలిపి పది నిమిషాలు ఆగండి. ముందు చాక్లెట్, నారింజ తొక్క, ఆ వెనకే పొగ వస్తాయి. బెంగళూరు ఎండకి పీపాలోంచి ఏటా పదో వంతు దాకా ఆవిరైపోతుందట. స్కాట్లాండ్‌లో అది రెండు శాతమే. ఆ చిక్కదనం నాలుక మీద తెలుస్తుంది.

హైలాండ్ పార్క్ 12 స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న ఓర్క్నీ దీవుల సరుకు. అక్కడ చెట్లు చాలా తక్కువ. అందుకే వాళ్ల పీట్‌లో ఎక్కువగా ఉండేది హెదర్ పొదే. మొలకెత్తిన బార్లీకి పట్టే పొగలోనూ పువ్వుల తీపి ఉంటుంది. తేనె రుచి బాగా తెలుస్తుంది. దీంట్లో మాత్రం నీళ్లు కలపకండి.

నా మనసు దోచింది బెన్రోమాక్ 10. తమ్ముడు లండన్ నుంచి వచ్చినప్పుడల్లా తెస్తాడు. 1983లో మూతపడ్డ ఈ డిస్టిలరీని గోర్డన్ అండ్ మెక్‌ఫైల్ అనే విస్కీ కంపెనీ వాళ్లు కొని 1998లో మళ్లీ తెరిచారు. ఇది స్కాట్లాండ్‌లోని స్పేసైడ్ ప్రాంతానిది, ఈ రోజుల్లో అక్కడి విస్కీల్లో పొగ అరుదు. వీళ్లు పాత పద్ధతిలో కాస్త పొగ ఉంచారు. మాల్ట్‌లో (మొలకెత్తిన బార్లీలో) పొగ మోతాదు సుమారు 12 పీపీఎం, అంటే పది లక్షల్లో 12 వంతులు; ఆర్డ్‌బెగ్‌లో అయితే 55 దాకా. పచ్చి ఆపిల్, అల్లం, గొంతు దిగాక చల్లారిన బూడిద వాసన. కడగకుండా వదిలేసిన గ్లాసు తెల్లారి వాసన చూశాను. ఆల్కహాల్ అంతా పోయి పొగ ఒక్కటే మిగిలింది. ఇప్పటికీ ఒక్కోసారి కావాలనే గ్లాసు అలా వదిలేస్తాను.

పావు వంతు మిగిలిన సీసా ఒకటి ఏడాది పాటు అలమరలోనే ఉండిపోయింది. తీపి అలాగే ఉంది, పొగ మాత్రం చాలా వరకు పోయింది. అప్పటి నుంచి సగం దాటగానే చిన్న సీసాలోకి మార్చేస్తున్నాను. మే నెలలో విజయవాడలో తాగినప్పుడు ఆ వేడికి స్పిరిట్ ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. ఐస్ వేస్తే ఉన్న కాస్త పొగా అణిగిపోయింది. గ్లాసును ముందే ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సరిపోయింది.

మూడూ ఒకే రాత్రి పోల్చాలంటే హైలాండ్ పార్క్‌తో మొదలుపెట్టండి, తర్వాత బెన్రోమాక్. ఫ్యూజన్ ముందు తాగితే మిగతా రెండూ నీళ్లలా అనిపిస్తాయి.