కురిడీ కొబ్బరి విమానం ఎక్కదు

మూడు రోజుల యాత్రలో మా అత్తయ్యకి కళ్లనీళ్లు తిరిగింది ఒక్కసారే. అంతర్వేది స్వామి దర్శనంలో అనుకునేరు. రాజమండ్రి ఎయిర్‌పోర్టులో, లగేజీ కౌంటర్ దగ్గర. ఇరవై కురిడీ కొబ్బరికాయల కోసం, అంటే చిప్పలోనే ఎండిన కొబ్బరి.

హైదరాబాద్ నుంచి కోనసీమకి మేం ఎప్పుడూ గౌతమి రైలెక్కి రాజమండ్రిలో దిగి, అక్కడ బస్సు పట్టుకునేవాళ్లం. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు కదా. ఈసారి అత్తయ్య మోకాళ్ల పుణ్యమా అని విమానం. మనిషికి 3,460, నలుగురికి 13,840. రెక్కల కింద ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ విమానం, గంటా పది నిమిషాల్లో దింపేసింది. దిగే ముందు గోదావరి కనిపిస్తే అత్తయ్య కిటికీకి దణ్ణం పెట్టుకుంది. మావాడేమో ఆ ఫ్యాన్ ఆగిపోతే ఏమవుతుందని దారిపొడుగునా అడిగి మా ఆవిడకి టెన్షన్ పెట్టాడు.

ఒక సలహా. ఏటీఆర్‌లో సీటు పైన అరలు చిన్నవి. ట్రాలీ బ్యాగు పట్టదు, విమానం దగ్గరే తీసుకుని కిందకి పంపేస్తారు. మందులూ ఫోన్ చార్జరూ చేతిసంచిలో పెట్టుకోండి.

పేరుకి రాజమండ్రి గానీ ఎయిర్‌పోర్టు ఉన్నది మధురపూడిలో, ఊరికి 18 కిలోమీటర్లు. నాకైతే బాగా నచ్చింది. శంషాబాద్‌లో గేటు దాకా నడిచిన దూరానికి ఇక్కడ బిల్డింగు చుట్టూ ప్రదక్షిణే చేయొచ్చు. వీల్‌చైర్ కావాలని ముందే రాయించాం కాబట్టి అత్తయ్య ఒక్క మెట్టు దిగకుండా ర్యాంపు మీదుగా వచ్చేసింది. రన్‌వేని 3,165 మీటర్లకి పెంచారు, 2024 డిసెంబరు నుంచి ఢిల్లీ, ముంబైలకి నేరుగా విమానాలు మొదలయ్యాయి, అదే ఏడాది మార్చిలో కొత్త టెర్మినల్‌కి శంకుస్థాపన కూడా అయింది. ఇంత చిన్నగా, ఇంత తీరిగ్గా ఇంకెన్నాళ్లుంటుందో.

బయటికొచ్చాక మొదలవుతుంది అసలు ఖర్చు. అంతర్వేదికి కారు ఒకవైపుకి 4,500 అన్నాడు. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా, గట్టు రోడ్డున ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు కొనుక్కుందామంటే దానికి ఇంకో 500. "గట్టు నీదా?" అని అత్తయ్య. "ఆయ్, డీజిలు నాదండి" అని అతను. ఆ 500 గొడవ మూడు రోజులూ నడిచింది. ఆఖరికి రెండొందలే చేతిలో పెట్టి కారు దిగిపోయింది.

ఇక రిసార్టు. పేరు రాయను గానీ, సముద్రం ఒడ్డున, "సీ వ్యూ" గది, రాత్రికి 3,800, రెండు రాత్రులకి ముందే డబ్బు కట్టించుకున్నారు. కిటికీ తెర తీస్తే రొయ్యల చెరువు. సముద్రం ఏదయ్యా అంటే, చెరువు అవతల సర్వి తోట, తోట అవతల సముద్రం అని చూపించాడు మేనేజరు, వేలు బాగా పైకెత్తి. అదీ సర్దుకుపోదాం, నీళ్లు నీళ్లే అనుకున్నాం. రాత్రి పదికల్లా చెరువులో ఏరియేటర్లు మొదలయ్యాయి. తెల్లవార్లూ టపటపా నీళ్లు కొట్టే చప్పుడు, మధ్యలో కరెంటు పోతే జనరేటరు. రొయ్యలకి గాలి కావాలి, వాటి తప్పేం లేదు. మాకు ఏసీ కూడా రాలేదు. గది మార్చమంటే 600 ఎక్కువ అడిగాడు, ఆ గదికి కనీసం కిటికీ లేదు. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు. బుక్ చేసింది నేనే మరి.

భోజనం 180. రెండోసారి అన్నం అడిగితే "లిమిటెడ్ మీల్స్ అండి" అన్నాడు. పి.గన్నవరంలో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన అక్విడక్ట్, అదే గోదావరి పాయ మీదుగా కాలువని దాటించే వంతెన, దాటి వచ్చాం. వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా వండి వడ్డించిన తల్లి ఆవిడ. అదే కోనసీమలో అన్నానికి లిమిటా అని అత్తయ్య పళ్లెం ముందు నుంచి లేచిపోయింది. మర్నాడు గుడికెళ్లే దారిలో రేకుల షెడ్డు మెస్సులో 100 రూపాయలకి ముద్దపప్పు, వంకాయ కూర, చేపల పులుసు, వద్దన్నా వడ్డించే అన్నం. రిసార్టు ఫొటోలు చూసి మోసపోకండి. గదిలోంచి ఇప్పుడే వీడియో తీసి పంపమనండి, పంపకపోతే వదిలేయండి.

అంతర్వేది దర్శనం ప్రశాంతంగా అయింది. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట కాసేపు నిలబడ్డాం.

తిరుగు దారిలో అంబాజీపేట. అత్తయ్యకి తమ్ముడి వరస ఆయన అటక మీద ఎండబెట్టిన కురిడీలు ఇరవై సంచిలో కట్టిచ్చాడు. ఊపితే చిప్పలో గుండు గలగలలాడుతోంది. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో అమ్మాయి బరువు చూడకముందే అడిగింది, "ఎండుకొబ్బరి ఏమైనా ఉందాండీ?" అని. ఉందని అత్తయ్య గర్వంగా చెప్పింది. అది ఎక్కదట. నూనె ఎక్కువ కాబట్టి వేడెక్కి తనంతట తనే అంటుకునే ప్రమాదం ఉందని, 2022 నుంచి చెక్-ఇన్ లగేజీలోనూ నిషేధం. ఆవకాయ సీసా మాత్రం చెక్-ఇన్‌లో వెళ్లింది, పూతరేకుల పెట్టెలు చేతిసంచిలో వెళ్లాయి.

"నా తలకి రాసుకున్నదీ కొబ్బరినూనే. మరి నన్నెక్కించుకుంటావా?" అంది అత్తయ్య. ఆ అమ్మాయి నవ్వింది గానీ సంచి చెత్తబుట్టలో పడేయలేదు. "ఇంకా టైముందండీ, మీ కారతన్ని పిలవండి" అంది. కోరుకొండ రోడ్డులో టీ తాగుతున్న డ్రైవరు పది నిమిషాల్లో వచ్చాడు. మూడు రోజులు పోట్లాడిన మనిషి చేతిలో సంచి పెట్టేటప్పుడే అత్తయ్య కళ్లు తుడుచుకుంది.

వారం తర్వాత ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వచ్చింది. చార్జీ 160 ఇక్కడ మేమే కట్టాం. కొబ్బరి తెచ్చుకునేవాళ్లు మొదటే ఆ పని చేయండి. అత్తయ్య కింద కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టింది. పదిహేడు.

"మూడొందలు ఎగ్గొడితే మూడు కాయలే ఉంచుకున్నాడు. మంచివాడే" అంది.