సగం కట్టిన గ్యాసర్ కొనేముందు పైపు మందం చూసుకోండి

డాలస్ చుట్టుపక్కల పాత అమెరికన్ బండ్ల పిచ్చి ఉన్న మనవాళ్లు కొందరున్నారు. ఇది వాళ్ల కోసం. గ్యాసర్ అంటే తిన్నటి ట్రాక్ మీద తక్కువ దూరం పందెం, అంటే డ్రాగ్ రేసు కోసం మూతి పైకెత్తి మార్చిన పాతకాలపు కారు. ఎవరైనా 1955 షెవర్లే టూ డోర్ సెడాన్ చూపించి "గ్యాసర్ పని ముక్కాలు వంతు అయిపోయింది, మిగతాది బోల్టులు బిగించుకోవడమే" అంటే, డబ్బు ఇచ్చేముందు ఒక్క పూట ఆగండి. నేను ఆగలేదు. ఇరవై ఆరు వేల డాలర్లు పోసి తెచ్చుకున్నాను.

బండి 210 మోడల్. తలుపు అద్దానికీ వెనక అద్దానికీ మధ్య స్తంభం ఉండే పోస్ట్ కారు. హార్డ్‌టాప్ కన్నా బాడీ గట్టిగా ఉంటుంది కాబట్టి డ్రాగ్ రేసుల వాళ్లకి ఇదంటే మోజు. ముందు స్ట్రెయిట్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు) వేసి మూతి పైకెత్తారు, వెనక చక్రాల దగ్గర రేకు గుండ్రంగా కోశారు, హెడర్లు (ఇంజిన్ పొగ గొట్టాలు) ఫెండర్ లోపల్నించి బయటికి వచ్చాయి. అచ్చం 1964లో స్ట్రిప్ మీంచి తోలుకొచ్చినట్టుంది. ఆ వాలకం చూసే పడిపోయాను.

అమ్మినవాడు ఇంజిన్ 327 (క్యూబిక్ అంగుళాల్లో దాని సైజు) అన్నాడు. రుజువుగా మెషీన్ షాపు బిల్లు చూపించాడు, క్రాంక్ స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 3.25 అంగుళాలని ఉంది. 327 స్ట్రోక్ అంతే కదా, నాకు అనుమానం రాలేదు. ఇంటికొచ్చాక హెడ్ విప్పి బోర్ (సిలిండర్ వ్యాసం) కొలిస్తే 3.875 వచ్చింది. 327కి నాలుగు అంగుళాలుండాలి. అంటే ఇది 307! దాని స్ట్రోక్ కూడా 3.25 అంగుళాలే. బిల్లులో అబద్ధం లేదు, చెప్పిన మాటలోనే ఉంది. ముందువైపు కుడి హెడ్ కింద ఉండే ప్యాడ్ మీద ఇంజిన్ ఏదో చెప్పే కోడ్ లేదేమని అడిగితే "డెక్ మిల్లింగ్ చేయిస్తే పోయింది" అన్నాడు. బ్లాక్ పై ముఖాన్ని చెక్కి చదును చేస్తే నిజంగానే అలా పోతుంది. కానీ బ్లాక్ వెనక, గేర్‌బాక్స్ వైపు బెల్‌హౌసింగ్ బిగించే అంచు మీద పోతపోసిన కాస్టింగ్ నంబరు మిల్లింగ్‌కి పోదు. చిన్న అద్దం, టార్చ్ ఉంటే రెండు నిమిషాల్లో చదవొచ్చు. ఆ రెండు నిమిషాలూ నేను ఫొటోలు తీసుకుంటూ గడిపాను.

ఇంజిన్ మోసం డబ్బుతో పోయింది. రోల్ బార్, అంటే బండి పల్టీ కొడితే తలని కాపాడే లోపలి పైపు కమాను, అలా కాదు, ప్రాణం మీదకి వచ్చేది. క్వార్టర్ మైలు 11.49 సెకన్లలో గానీ అంతకన్నా వేగంగా గానీ పరిగెత్తాలంటే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే సంస్థ) నిబంధన ప్రకారం రోల్ బార్ ఉండాల్సిందే. మామూలు స్టీలైతే బయటి వ్యాసం 1.75 అంగుళాలు, గోడ మందం 0.118 ఉండాలి. నాకు ఇచ్చిన బార్ వ్యాసం సరిగ్గానే ఉంది, పెయింట్ నిగనిగలాడుతోంది. కింద కనిపించని చోట చిన్న కన్నం వేసి కొలిచాను. 0.065! సైలెన్సర్ పైపు అన్నమాట. పైగా దాని కాళ్లు ఫ్రేమ్‌కి కాదు, నేల రేకుకి వెల్డింగ్ చేశారు. బండి పల్టీ కొడితే రేకు చిరిగి బార్ మన నెత్తిమీదకే వస్తుంది.

యాక్సిల్ సంగతి కూడా అంతే. కమాన్ పట్టీల సీట్లు అడ్డదిడ్డంగా వెల్డ్ చేయడంతో క్యాస్టర్ (చక్రాన్ని తిన్నగా నిలిపే స్టీరింగ్ ఇరుసు వాలు) దాదాపు సున్నా. యాభై మైళ్లు దాటితే స్టీరింగ్ చేతుల్లో వణుకుతుంది.

ఫోన్ చేస్తే "అది అందానికి పెట్టిన బార్, రేసుకని నేనెప్పుడన్నాను?" అన్నాడు. ప్రకటనలో "రేస్ రెడీ" అని ఉంది, అప్పటికి తీసేశాడు. నేను స్క్రీన్‌షాట్ తీసుకోలేదు. అమ్మకం కాగితం మీద "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను) కింద నా సంతకమే ఉంది.

కాబట్టి బార్‌కి కన్నం వేసి కొలుస్తానని ముందే చెప్పండి. "పెయింట్ పాడవుతుంది" అంటే అక్కణ్నుంచే తిరిగొచ్చేయండి. ఎవరైనా శనివారం బండి చూడ్డానికి వెళ్తుంటే చెప్పండి, డ్రిల్లూ కాలిపరూ పట్టుకుని నేనూ వస్తాను. ఆ 307ని అమ్మకానికి పెట్టాను, 307 అనే రాశాను.