ఉదయగిరి కృష్ణుడి కోసం నాన్నతో మూడు రోజులు

మా నాన్న ఒంగోలులో ముప్పై ఏళ్లు సోషల్ మాస్టారు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల నుంచి మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట గెలిచి, అక్కడి బాలకృష్ణుణ్ణి విజయనగరానికి తీసుకెళ్లాడని, ఆ విగ్రహానికి హంపీలో గుడి కట్టించాడని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేవారు. ఆయన మాత్రం కోటా చూడలేదు, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్న ఆ కృష్ణుణ్ణీ చూడలేదు. రెండూ చూపించాలని జనవరిలో బయల్దేరదీశాను.

కావలి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. ఉదయగిరిలో కొండ ఎక్కడానికి తెల్లవారుజామునే వెళ్లండి, నీళ్లు మీరే మోసుకెళ్లాలి. సగం దూరం ఎక్కాక నాన్న ఓ బండ మీద కూర్చుని, "ఏడాదిన్నర ఎందుకు పట్టిందో ఇప్పుడు అర్థమైందిరా" అన్నారు. రాయలు ఈ కోట పట్టడానికి చేసిన ముట్టడి సంగతి అది. పైదాకా వెళ్లలేకపోయాం, ఆయనకు దిగులేమీ లేదు. కింద ఊళ్లో చెక్క గరిటెలు చేసే ఇంటికి వెళ్లాం. ఉలితో చెక్కి, అరగదీసి, నునుపు చేసేదాకా ఇంటిల్లిపాదీ పనిచేస్తున్నారు. అమ్మ కోసం నాలుగు గరిటెలు, ఒక ఫోర్కు 380 రూపాయలకు తీసుకున్నాను. బేరం ఆడలేదు, మీరూ ఆడకండి.

నెల్లూరులో లాడ్జి మాత్రం మోసం. ఫోన్లో ఏసీ గది 1,200 అన్నారు. రాత్రి పదింటికి ఏసీ ఆగిపోయింది. అడిగితే "కరెంటు లోడు సార్" అన్నారు. పొద్దున వేడినీళ్లు బకెట్టుకు 40 చొప్పున రెండు బకెట్లకు తీసుకున్నారు. బిల్లులో చూస్తే 1,650! సర్వీసు అట. నాన్న గొడవ వద్దని నా చెయ్యి పట్టుకుని లాగారు. ఆయన మొహం చూసి డబ్బు కట్టేశాను గానీ, ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. గది తీసుకునేముందు మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఆ రాత్రి తిన్న చేపల పులుసు అన్నం, ఇద్దరికీ 420, ఒక్కటే ఊరట.

మర్నాడు రైల్లో చెన్నై. సెంట్రల్ నుంచి ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియానికి ఆటో 150. అమరావతి శిల్పాల దగ్గరే గంట గడిచింది. మన కృష్ణా తీరం సున్నపురాతి శిల్పాలు అక్కడ చూడటం నాన్నకు బాధగానే ఉంది.

తర్వాత బాలకృష్ణుడు. కూర్చున్న పసివాడు. నాన్న చెప్పులు విప్పబోయి, మ్యూజియమని గుర్తొచ్చి ఆగారు. ఉదయగిరి, హంపీ, చెన్నై అని వేళ్లు మడిచి లెక్కపెట్టారు. పక్కనే ఒక స్కూలు బృందం గబగబా దాటి వెళ్తుంటే ఒక పిల్లాణ్ణి ఆపి తెలుగులోనే కథ మొదలుపెట్టారు. వాడికి తెలుగు రాదు, అయినా విగ్రహం వైపే చూస్తూ నిలబడ్డాడు. టీచరు పిలిచేదాకా కదల్లేదు.

శుక్రవారం మ్యూజియానికి సెలవు. అది చూసుకుని టికెట్లు తీసుకోండి.